శ్రీమాన్ సుబేదారు వారు దొరసాని గుడ్ల జాడ కనిపెట్టిన వైనం

కృష్ణాతుంగభద్రలు రెండు పక్కలా కావలి కాస్తుండగా, నడుమ పత్తిచేలు తెల్లగా పగిలి, పల్లికాయ మిద్దెల మీద ఆరుతూ, పదిమందికి మించి మోయలేమని మూలుగుతూనే షేరు ఆటోలు పదహారుమందిని మోసుకుపోయే కార్తీకమాసంలో, ఒక శుభ గురువారం నాడు, ప్రచండ మార్తాండుడు నడినెత్తికి చేరిన వేళ, ధరూర్ మండలంలోని ఒకానొక పల్లెలో, ఆటో సామ్యూలు పెరట్లో, పాడైన కూలర్ ముందు పరిచిన గోనెసంచి మీద, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాచి, సకలలోక రక్షణభారాన్ని ఈగలకు అప్పగించి, ఒక మహావీరుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఆ వీరుడి పేరు సుబేదారు. ఊరకుక్కల వంశాన వెలసిన ఖండితవాలుడు, అనగా తోకలో మూడోవంతు పోగొట్టుకున్నవాడు. అది ఘోరసంగ్రామంలో తెగిందని ఆయన చెప్పుకుంటాడు, ఆటో చక్రం కింద పడిందని గిట్టనివాళ్లు చెబుతారు. కరెంటు బిల్లు తీసే మనిషి వస్తే మంచం కిందికి దూరి, అక్కడి నుంచి భూనభోంతరాళాలు దద్దరిల్లేలా మొరుగుతాడు. ఆ మనిషి వీధి మలుపు తిరిగాక బయటికి వచ్చి, తరిమేశానని ఒళ్లు విరుచుకుంటాడు. పని చేయకుండా పెత్తనం చేసేవాడని సామ్యూలే ఆయనకు ఆ పేరు పెట్టాడు, ఆయన మాత్రం దాన్ని బిరుదుగా స్వీకరించాడు.

ఆ ఇంట్లో అప్పుడున్న మనుషులు ఇద్దరే. గద్వాలకు ఆటో నడిపే సామ్యూలు ఒకరు, నాలుగో తరగతి చదివే అతని కూతురు రోజా మరొకరు. ఇల్లాలు వనజ పత్తి ఏరడానికి కూలీల గుంపుతో అచ్చంపేట వైపు పోయి నెల దాటింది. ఇక కోళ్లు కూడా రెండే. నడకలో రాజసం చూసి రోజా దొరసాని అని పేరు పెట్టిన నల్లపెట్ట ఒకటి. ఇంకా తురాయి పెరగని, కొత్తగా కూత నేర్చిన నల్లపుంజు బుల్లెట్ రెండోది. ఈ బుల్లెట్ ఎందుకో నెల రోజులుగా కూయడం మానేసి, సామ్యూలు కనబడితే చాలు గోడకు వీపు ఆనించి నిలబడుతోంది. పుంజుకు కూడా కష్టాలుంటాయని ఎవరికీ తోచలేదు.

కోళ్లున్న ఇళ్లలో తెల్లవారుజామున జరిగే ఒక మహావిద్య ఉంది. గూట్లోంచి పెట్టను తీసి, తోక కింద వేలితో తడిమి చూస్తారు. గట్టిగా తగిలితే ఇవాళ గుడ్డు పెడుతుందని గంప కింద మూస్తారు, తగలకపోతే మేతకు వదిలేస్తారు. ఇందులో చెయ్యి తిరిగిన వనజ, అచ్చంపేట నుంచి ఈ విద్యను వీడియో కాల్‌లో మగనికి ఉపదేశించింది. ఆటో హ్యాండిలు పట్టిన చేతికి ఇదొక లెక్కా అన్నాడు సామ్యూలు. అది మొదలు రోజూ, ఇంకా చీకటి విడకముందే, మొదటి ట్రిప్పు తొందరలో గూట్లో చెయ్యి పెట్టి, అందిన నల్లకోడిని పట్టి, తడిమి, ఏమీ లేదని తేల్చి, ఆ సంగతే అచ్చంపేటకు చేరవేస్తూ వచ్చాడు.

ఆ గురువారం సాయంత్రం ఫోనులో తీర్పు వెలువడింది.

"నెల దాటిపాయె, ఒక్క గుడ్డు గూడ పెట్టకపోతే దాన్ని ఎందుకు మేపుడు?" అంది వనజ. "ఆయితారం నేనొస్త. పాస్టరు దేవదాసు అయ్యగారిని బువ్వకు పిలువు. దొరసానిని కోసి కూర చేద్దాం."

రోజా తండ్రి చేతిలోంచి ఫోను గుంజుకుంది. "అమ్మా, వద్దే! అది యాడనో దొంగతనంగ పెడ్తుంది. నేను దేవులాడి చూపిస్త."

"ఆయితారం పొద్దుకల్ల చూపియ్యి. చూపిస్తే కొయ్యం. లేకపోతే ఏడ్వొద్దు మరి."

"దొరికితే మంచిదే," అన్నాడు సామ్యూలు. "అన్ని గుడ్లు ఒక్కపారే ఉడకబెట్టి అయ్యగారికి పెడ్దం."

రోజా ఇల్లంతా వెతికింది. పల్లికట్టె వామి వెనక చూసింది, మంచం కింద చూసింది, పక్కింటి రంగమ్మ కట్టెల మోపులోనూ చూసింది. కూలర్ దగ్గర మాత్రం చూడలేదు. కుక్క పడుకునే చోట ఏ కోడైనా గుడ్లు పెడుతుందా? చివరికి వచ్చి సుబేదారు ముందు గొంతుక్కూర్చుంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి.

"సుబేదారూ, రేపు నేను బడికి పోత. నువ్వు దాని ఎంట తిరిగి యాడ పెడ్తుందో కనిపెట్టు. నీకు దండం పెడ్త రా," అని చాయలో నానిన సగం బిస్కెట్టు ఆయన నోటికి అందించింది.

బిస్కెట్టు గొంతు దిగగానే ఆయనలో వీరరసం పొంగింది. పెరటి నడుమ నిలబడి, ఉన్న తోకను ఎత్తి, ఆకాశం వైపు చూసి, జంతువులకు మాత్రమే వినిపించే గంభీరభాషలో ఇలా ప్రతిజ్ఞ చేశాడు:

"ఓ దిక్కులారా, వినుడు! సుబేదారు నామధేయుడనగు నేను, అర్ధబిస్కెట్టు ఋణబద్ధుడనై, నేటి నుండి గూఢచారి పదవిని అధిష్ఠించుచున్నాను! అండాన్వేషణము ముగియువరకు నిద్రాహారములు నాకు నిషిద్ధములు! కునుకు పట్టెనేని ఈ శేషవాలము సైతము రాలిపోవుగాక!"

ఇలా పలికి, అలసిపోయి, పడుకుని నిద్రపోయాడు. తోక రాలలేదు.

శుక్రవారం ఉదయం మహాన్వేషణ ఆరంభమైంది. శత్రువు కదలికలు కనిపెట్టాలంటే ఎత్తయిన స్థలం కావాలన్నది యుద్ధనీతి. పెరట్లో అన్నిటికంటే ఎత్తయినది సామ్యూలు ఆటోలో సీటు వెనక సామాను పెట్టే జాగా. గూఢచారిచక్రవర్తి దాని మీదికి లంఘించి, గడ్డిమోపుకూ పత్తిసంచికీ నడుమ దేహాన్ని ఇరికించి, కళ్లు మాత్రమే బయటపెట్టి, అత్యంత రహస్యంగా దొరసాని కోసం కాచుకున్నాడు. పత్తిసంచి మెత్తగా ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు, ఆయన మాత్రం ఊహించలేదు.

మెలకువ వచ్చేసరికి లోకం కదులుతోంది. ఆటో గద్వాల రోడ్డు మీద పోతోంది. ముందర పద్నాలుగుమంది, వెనక ఈయన.

వంకాయల గంపతో వెనక కూర్చున్న రంగమ్మ వీపుకు ఏదో తడిగా తగిలి, వెనక్కి తిరిగి చూసింది. "ఓ సామ్యూలూ, ఇదేంది, ఎన్క కుక్క ఎక్కింది! దీనికి గూడ టికెట్టు తీసుకుంటివా?"

సామ్యూలు అద్దంలో చూశాడు, బండి ఆపలేదు. "ఎక్కిందా? జర అటు జరుపు అత్తా, కొత్తపల్లి కాడ ఇంకొకరు కూసుంటరు."

ఆ విధంగా సుబేదారు వారి మొదటి దినపు గూఢచర్యమంతా గద్వాల బస్టాండులో జరిగింది. అక్కడి కుక్కలు ఆయనను చూసి ఏడుగురై చుట్టుముట్టాయి. వీరుడు ఏమాత్రం జంకక ఆటో కిందికి దూరి, సాయంత్రం నాలుగున్నర దాకా అక్కడి నుంచే వారిని హెచ్చరించాడు. ఇల్లు చేరేసరికి రోజా వాకిట్లో ఎదురుచూస్తోంది.

"దొరికిందా?" అని ఆశగా అడిగింది. ఆయన నేల చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు సిగ్గు అనే వస్తువు తగిలింది, అది రుచిగా లేదు.

శనివారం పంతం పట్టాడు. ఈసారి మారువేషం. పల్లికట్టె వామిలో పొర్లి, ఒళ్లంతా ఎండుటాకులు అంటించుకుని, నడిచే పల్లిచెట్టు రూపంలో పొద్దున్నే పెరట్లో నిలిచాడు. గాలి లేని పూట పల్లిచెట్టు తుమ్మడం చూసి బుల్లెట్ గోడకు మరింత అతుక్కుంది. అంతలో దొరసాని ఎటు నుంచి వచ్చిందో తెలియదు, నూకల దగ్గర ప్రత్యక్షమై, నాలుగు గింజలు ఏరుకుని, మందగమనంతో బయలుదేరింది. మహావీరుడు వెంబడించాడు. ఆమె బోరింగు చుట్టూ తిరిగింది, ఆయనా తిరిగాడు. ఆమె మంచం కింద నుంచి దూరి అటు తేలింది, ఆయన దూరి మంచాన్ని మెడకు తగిలించుకుని తేలాడు. ఆమె రంగమ్మ వాకిలి దాటి, గోడెక్కి, మళ్లీ దిగి, మళ్లీ బోరింగు చుట్టూ తిరిగి, ఒక్కసారి వెనక్కి తిరిగి, నిన్ను చూసి జాలేస్తోందన్నట్టు తల వంచి, మాయమైపోయింది.

ఆకులూ పోయాయి, ఆశా పోయింది. మధ్యాహ్నానికి సుబేదారు కూలర్ ముందరి తన గోనెసంచి మీద కూలబడ్డాడు. రేపే ఆదివారం. రోజా ఏడుపు ముఖం గుర్తుకొచ్చి ఆయన గుండె నిజంగానే బరువెక్కింది. తల కాళ్ల మధ్య పెట్టుకుని, జన్మలో మొదటిసారి, పడుకుని కూడా నిద్రపోకుండా ఉన్నాడు.

నిద్రపోలేదు కాబట్టే వినిపించింది. వీపు వెనక, జానెడు దూరంలో, రేకు లోపల, మెల్లగా "క్రుక్" మని.

కూలర్ వెనక రేకు ఎప్పుడో ఊడిపోయింది. గోడకూ దానికీ మధ్య సందులో ముక్కు పెట్టి చూశాడు. లోపల, ఎండిన కూలర్ గడ్డి మీద, రెక్కలు పరుచుకుని, ఎర్రని కళ్లతో, సింహాసనాసీనురాలై దొరసాని!

"కనిపెట్టితిని!" అని ఆయన గర్జించబోయాడు.

"నోరు మూయుము!" అంది దొరసాని. "ఓయి శునకాగ్రేసరా! ఇరువది దినములుగా నేనిచట ఎనిమిది అండములను పొదుగుచుంటిని. ముంగిసలు, మార్జాలములు, పాములు సంచరించు ఈ పెరటిలో ఇంతటి నిర్భయస్థానము నాకెట్లు దొరకెనో యోచించితివా? రేయింబవళ్లు నీవు పెట్టు గుర్రు విని ఏ పిల్లియు ఇటు తొంగి చూడలేదు. నీ నిద్రయే నా దుర్గము. అండములకు కాపు కాయుచున్న ఘనుడవు నీవే, అండములను వెదకుటకు గద్వాల పోయిన ఘనుడవును నీవే!"

సుబేదారు తన గోనెసంచి వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు.

దొరసాని గొంతు కొంచెం తగ్గించింది. "రేపటితో ఇరువదియొక్క దినములు నిండును. నేడు నీవు మొరిగి చూపించితివా, నేను బ్రతుకుదును గాని నా గుడ్లు ఉడికిపోవును. ఒక్క దినము ఆగుము. పిల్లలు లేచి నడిచినచో ఎవరును కత్తి యెత్తరు. ఇంతకు మించి నిన్ను అడుగను."

ఆలోచించడం సుబేదారుకు అలవాటు లేని పని, అయినా చేశాడు. ఇప్పుడు మొరిగితే రోజా మెచ్చుకుంటుంది, ఇంకో సగం బిస్కెట్టు దొరకవచ్చు. ఊరికే ఉండి, రేపు పిల్లలు లేవకపోతే కోడి పోతుంది, కాకపోతే బొక్కలన్నీ, అనగా ఎముకలన్నీ, తనవే. రెండు దారుల్లోనూ ఆయనకు లాభమే. లోపల ఒక గుడ్డు చిన్నగా కదిలింది, దొరసాని దాన్ని ముక్కుతో రెక్క కిందికి జరుపుకుంది. ఆయన చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి, గోనెసంచి మీద పడుకుని, కావాలనే ఇంకాస్త గట్టిగా గుర్రు పెట్టాడు.

ఆదివారం ఉదయం ఏడింటికి విధి ఎదురు తిరిగింది. గుక్కెడు నీళ్ల కోసం బయటికొచ్చిన దొరసానిని సామ్యూలు పట్టుకుని గంప కింద మూసి, పైన రాయి పెట్టాడు. "ప్రార్థన అయినంక కోస్త," అన్నాడు. రోజా గంప పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. తండ్రి ఆమెను సముదాయించి చర్చికి తీసుకుపోయాడు.

గంప కింద నుంచి ఒకే ఒక్క మాట వినిపించింది. అందులో సంస్కృతం లేదు, డాంబికం లేదు. "చల్లబడతాయి," అంది దొరసాని.

అప్పుడు సుబేదారు చేసినదాన్ని వర్ణించడానికి పాత కవులైతే పది పద్యాలు తీసుకుంటారు. ఆయన కూలర్ సందులో తల పెట్టాడు. తల పట్టింది. భుజాలు పట్టలేదు. రేకు అంచు వీపును గీరింది. కడుపు లోపలికి పీల్చి, వెనక కాళ్లతో గోడను తన్ని, ఉన్న ఆ కాస్త తోకతో సహా దుర్గంలోకి ప్రవేశించాడు. ఎనిమిది గుడ్ల చుట్టూ చుట్టుకుని, కడుపు కింది మెత్తని చోటును వాటికి ఆనించి, కదలకుండా పడుకున్నాడు. కదిలితే పగులుతాయన్న భయంతో ఊపిరి కూడా సగమే తీశాడు. చెవిలో ఈగ దూరింది, ఓర్చుకున్నాడు. వీపు మంట పుట్టింది, ఓర్చుకున్నాడు.

పదకొండున్నరకు అసలైన యుద్ధం మొదలైంది. చర్చి నుంచి తండ్రీ కూతుళ్లు వచ్చారు. రోట్లో అల్లం వెల్లుల్లి పడ్డాయి, ధనియాలు వేగాయి. ఆ పరిమళం కూలర్ గడ్డిలోంచి చొచ్చుకువచ్చి ఆయన నాసికాదుర్గాన్ని బద్దలుకొట్టింది. తర్వాత రాతి మీద కత్తి నూరే చప్పుడు. ఆ చప్పుడు ఊళ్లో ఎక్కడ వినబడినా మొదటి వరుసలో కూర్చోవడం ఆయన జన్మహక్కు. ఆయన నోట్లో నీళ్లు ఊరి, గడ్డి మీదికి కారాయి. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. సరిగ్గా అప్పుడే కడుపు కింద ఒక గుడ్డు "టిక్" మంది. ఆయన కాళ్లను తిట్టి పడుకోబెట్టాడు.

బయట రోజా ముక్కు తుడుచుకుని అటూ ఇటూ చూసింది. "నాయినా, సుబేదారు యాడ పోయిండు?"

"యాడనో పండి ఉంటడు."

"కోడి కోసేటప్పుడు ఎన్నడన్న పండిండా? కత్తి సప్పుడింటే సావుకాడున్నా ఉరికొస్తడు. నాకు జర పరేషాన్ అయితుంది, సూసొస్త ఆగు నాయినా."

గోనెసంచి ఖాళీగా ఉంది. దాని వెనక, కూలర్ లోపల, సన్నగా "కీచ్" మని ఏదో అరిచింది. రోజా గోడ సందులోకి తొంగి చూసి, ఊరంతా వినబడేలా కేక పెట్టింది:

"నాయినా! ఉరికి రా! సుబేదారు గుడ్లు పెట్టిండు!"

సామ్యూలు కత్తితోనే పరుగెత్తాడు. అప్పుడే నాగర్‌కర్నూలు, వనపర్తి, ఆత్మకూరు మీదుగా మూడు బస్సులు మారి వచ్చిన వనజ, చేతిలో సంచితో వాకిట్లోనే నిలబడిపోయి, తర్వాత సంచి పడేసి తనూ పరుగెత్తింది. ముగ్గురూ కలిసి కూలర్‌ను ముందుకు జరిపారు. లోపల మహావీరుడు, ఒంటినిండా గడ్డితో, వీపు మీద గీతతో, దొంగతనం చేస్తూ దొరికినవాడి ముఖంతో ఉన్నాడు. ఆయన కడుపు పక్కన సగం పగిలిన గుడ్డులోంచి తడి ముద్ద ఒకటి బయటికి వస్తోంది.

వనజ నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! దొరసాని పొదిగింది గదా ఇవి! ఇడువుండ్రి, ముందుగాల దాన్ని ఇడువుండ్రి!"

రోజా గంప ఎత్తేసింది. దొరసాని రాజసం మరిచి, రెక్కలు విదిలించి, పరుగెత్తి వచ్చి గుడ్ల మీద కూర్చుంది.

వనజ మగని వైపు తిరిగింది. "ఏమయ్యా, నెల దినాలు పొద్దుగాల తడిమి చూసినవా, లేక పండుకుని ఫోన్ల అబద్ధం చెప్పినవా?"

"దేవుని తోడు వనజా, ఒక్కనాడు తప్పలే," అన్నాడు సామ్యూలు. "గూట్ల చెయ్యి పెట్టుడు, నల్లకోడిని తీసుడు, సూసుడు. ఒక్కనాడన్న గుడ్డు తగిల్తే ఒట్టు."

"ఏ నల్లకోడిని?"

సామ్యూలు కత్తి మొనతో చూపించాడు. "గదే, గా గోడకున్నది."

అందరూ అటు చూశారు. బుల్లెట్ వీపును గోడకు ఇంకాస్త నొక్కింది. వనజ దాన్ని తోక నుంచి తల దాకా చూసింది.

"గది పుంజయ్యా," అంది చివరికి.

నెల రోజుల తర్వాత ఆ మాట ఒక మనిషి నోట విన్న బుల్లెట్, మెడ ఎత్తి, మిట్టమధ్యాహ్నం పూట, పక్క ఊరికి వినబడేలా కూసింది. రోజా నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుంది. సామ్యూలు తన వేలి వైపు ఒకసారి చూసుకుని, కత్తి తీసుకుపోయి ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టాడు.

ఆనాడు దేవదాసు పాస్టరుగారికి కోడికూర కోసం నూరిన మసాలా అంతా వంకాయల్లో వేసి వడ్డించారు. అయ్యగారు బాగుందని మూడుసార్లు వేసుకున్నారు, గరిటెతో రెండుసార్లు అడుగు దాకా వెతికారు కూడా. తర్వాత వచ్చి కోడిపిల్లలను ఆశీర్వదించారు. సుబేదారు వారికి ఒక్క బొక్క అయినా దక్కలేదు. వంకాయలో బొక్కలుండవు.

సాయంత్రానికి ఎనిమిది గుడ్లూ పిల్లలయ్యాయి. ఏడు దొరసాని వెంట నడిచాయి. ఎనిమిదోది, సుబేదారు కడుపు పక్కన పుట్టిన తడి ముద్ద, ఆరి, పసుపుపచ్చ దూది అయ్యి, లోకంలోకి వచ్చి మొట్టమొదట చూసిన మీసాల ముఖమే అమ్మ అని తేల్చుకుంది. దొరసాని పిలిచింది, పోలేదు. ఆయన గుర్రుమన్నాడు, బెదరలేదు. ఆయన నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. కరెంటు బిల్లు మనిషి వచ్చిన నాడు ఆయన వెంట మంచం కిందికి కూడా దూరింది. మరి దాని ముందు పరువు పోతుందనుకున్నాడో ఏమో, ఆ వేళ ఆయన మంచం కింద నుంచి రెండడుగులు బయటికి వచ్చి మొరిగాడు.

కాబట్టి జనులారా, రెండు నదుల నడుమ ఉన్న ఈ నడిగడ్డ నేల మీద ఎన్ని సంస్థానాలు వెలసి పోయినా, ఎన్ని కోటలు కట్టి కూలినా, ఇది మాత్రం చెప్పుకోండి: ఖండితవాలుడు, కూలర్‌దుర్గ ప్రవేశకుడు, అర్ధబిస్కెట్టు ఋణవిముక్తుడు అయిన సుబేదారు, పిడికెడు కోడిపిల్లను గెలిచాడు! జయము! మూడంగుళాల జయము!

ఇప్పుడు ఆ గోనెసంచి మీద ఆయన కుడిపక్కకు తిరిగి పడుకోడు. అటు పిల్ల పడుకుని ఉంటుంది.